అది సుడిదోమ ఫోటో కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ వ్యవసాయం పేజీలో వరికి దోమపోటు సోకుతోందని ఒక వార్త వేశారు. అవసరమైన వార్తే, సమయానికే వచ్చింది. కానీ పక్కనున్న ఫోటో చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆకు మీద తీరిగ్గా కూర్చున్న ఆకుపచ్చ పురుగు, రెక్కల చివర నల్లటి మచ్చ. అది దోమపోటు తెచ్చే సుడిదోమ కాదు, పచ్చదీపపు పురుగు. వార్త చివర "రైతులు వెంటనే మందు పిచికారీ చేసుకోవాలి" అని ముగించారు. ఏ మందు, మొక్క మీద ఎక్కడ, ఎన్ని పురుగులుంటే, ఏ దశలో అన్న వాటికి ఒక్క ముక్క లేదు.

చిన్న తప్పుకి ఇంత ఉత్తరం ఎందుకని మీకు అనిపించవచ్చు. నేను ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 31 ఏళ్ళు ఫీల్డ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరయ్యాను. శాస్త్రవేత్తను కాదు. శాస్త్రవేత్తలు పేపర్లు రాస్తే, ఆ పేపర్లలో పట్టికలకి కావలసిన అంకెలు లెక్కపెట్టి ఇచ్చేది మాలాంటి వాళ్ళం. ఆ 31 ఏళ్ళలో ఈ పురుగుల్ని నేను లెక్కపెట్టినన్ని మా ఇంట్లో ఎవరూ డబ్బులు కూడా లెక్కపెట్టి ఉండరు. కాబట్టి ఈ విషయంలో మాత్రం కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

రోజూ పొద్దున్నే నా మొదటి పని దీపపు ఎర దగ్గర. రాత్రంతా వెలిగిన బల్బు కింద గరాటులోంచి సీసాలో పడ్డ పురుగుల్ని తెల్ల ఎనామిల్ పళ్ళెంలో పరిచి, తడి కుంచెతో ఒక్కొక్కటీ పక్కకి జరిపి, భూతద్దంలో చూసి రిజిస్టర్‌లో ఎక్కించాలి. వరుసగా గళ్ళు ఉండేవి: గోధుమరంగు సుడిదోమ, తెల్లవీపు సుడిదోమ, పచ్చదీపపు పురుగు, కాండం తొలిచే పురుగు రెక్కల పురుగులు, ఇతరాలు. పంట చిన్నగా ఉన్నప్పుడు తెల్లవీపువి ముందు కనబడేవి. కంకి ఇంకా కాండంలోనే ఉండే పొట్ట దశకొచ్చేసరికి గోధుమరంగువి వాటిని దాటిపోయేవి. కొన్ని రాత్రులు ఎన్ని పడేవంటే లెక్క సాధ్యమయ్యేది కాదు. ఒక చెంచాడు తీసి లెక్కపెట్టి, మొత్తం ఎన్ని చెంచాలో కొలిచి గుణించేవాళ్ళం. అలాంటి పొద్దున్న మా సార్లకి టెన్షన్, నాకు మెడనొప్పి.

కొత్తలో నేనూ పొరబడ్డాను. సుడిదోమనీ పచ్చదీపపు పురుగునీ ఒకే గడిలో వేసేస్తే మా సారు తిట్టలేదు. వెనక కాలు ఒకటి పిన్నుతో విడదీసి భూతద్దం కింద పెట్టి "చూడమ్మా" అన్నారు. సుడిదోమ వెనక కాలి చివర, కోడిపుంజు కాలికి ఉండే ముల్లులాగా, కదిలే ముల్లు ఒకటి ఉంటుంది. పచ్చదీపపు పురుగు కాలికి అలాంటిది ఉండదు, రంపం పళ్ళలా సన్నటి ముళ్ళ వరుస ఉంటుంది. ఆ ఒక్క గుర్తు పట్టుకుంటే ఇక జీవితంలో పొరపాటు రాదు. తెల్లవీపుదాన్ని గుర్తుపట్టడం ఇంకా తేలిక: రెక్కలు మొదలయ్యేచోట వీపు మధ్యన తెల్లటి మచ్చ ఉంటుంది.

భూతద్దం లేని రైతుకి మరో గుర్తు ఉంది, అది ఎక్కడ కూర్చుందన్నది. పచ్చదీపపు పురుగు ఆకుల మీద తిరుగుతుంది. సుడిదోమ నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో, నీడలో గుంపుగా ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగా నవ్వుతూనే ఉంటుంది, కింద వేలకొద్దీ పురుగులు రసం పీలుస్తూ ఉంటాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బురదలో దిగి, దుబ్బుని ఒకపక్కకి వంచి అరచేత్తో రెండు దెబ్బలు కొడితే అవి నీళ్ళలో పడతాయి. అప్పుడు లెక్కపెట్టాలి. మన చెయ్యి కనబడగానే అవి పక్కకి పక్కకి జరిగి కాండం వెనక్కి దాక్కుంటాయి, అందుకని ఊరికే చూస్తే సగం కూడా కనబడవు.

అసలు గొడవంతా "దోమ" అనే మాటలో ఉంది. వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ, మిరపలో తెల్లదోమ, జీడిమామిడిలో టీ దోమ. ఈ నాలుగింటిలో ఒక్కటీ దోమ కాదు. మనల్ని కుట్టే దోమకి రెండే రెక్కలు, అది ఈగల జాతి. ఇవన్నీ సూదిలాంటి నోటితో మొక్క రసం తాగే నల్లుల వంశం. పేనుబంకకీ పిండినల్లికీ చుట్టాలు. చుట్టాలే అయినా అన్నీ ఒక ఇంటివి కావు. పత్తి పచ్చదోమ వరి పచ్చదీపపు పురుగుకి దగ్గర బంధువు. తెల్లదోమ వేరే కుటుంబం. టీ దోమ మరీ దూరం, దాని కుటుంబం పేరు మిరిడ్. ఆ మిరిడ్ కుటుంబంలో చాలావరకు మొక్కల్ని తినేవే ఉంటాయి. కానీ అందులోనే పుట్టిన ఒక చిన్న ఆకుపచ్చ నల్లి వరి కాండంలో సుడిదోమ పెట్టిన గుడ్లని సూదితో పొడిచి తాగేస్తుంది. అంటే ఆ కుటుంబంలో ఒకటి జీడిమామిడి రైతుకి శత్రువు, మరొకటి వరి రైతుకి జీతం లేని పాలేరు. ఇవన్నీ కలిపి "దోమ" అని ఒక్క మాటలో చెప్పి, ఏదో ఒక ఫోటో వేస్తే రైతు ఏం చెయ్యాలి?

పేరు గురించి ఇంకో ముచ్చట. గోధుమరంగు సుడిదోమ శాస్త్రీయ నామం నీలపర్వత లూజెన్స్. మొదటిసారి రిజిస్టర్ అట్ట మీద చూసినప్పుడు ఎవరో మనవాళ్ళే పెట్టారనుకున్నాను. జాతి పేరు పెట్టింది విలియం డిస్టెంట్ అనే ఇంగ్లీషాయన, 1906లో. అంతకుముందే 1854లో స్టాల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ పురుగుని వర్ణించాడు. ముత్యమంత కూడా లేని, నాలుగైదు మిల్లీమీటర్ల పురుగుకి పర్వతం పేరు! అదే నీలపర్వత జాతిలో బేకరి, మ్యూరి అని మరో రెండున్నాయి. చూడటానికి ఇంచుమించు ఇలాగే ఉంటాయి, కానీ గట్ల మీద పెరిగే లీర్సియా గడ్డి మీద బతుకుతాయి, వరి మీద సరిగా నిలవలేవు. గట్టు గడ్డిలో అలాంటివి కనబడగానే చేనుకి మందు కొట్టేసిన వాళ్ళని నేను చూశాను.

ఇక రెక్కల సంగతి. ఇదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకే తల్లి పిల్లల్లో కొన్నిటికి రెక్కలు పొడుగ్గా వస్తాయి, కొన్నిటికి పొట్ట సగం వరకే వస్తాయి. పొట్టిరెక్కల ఆడది ఎగరలేదు, కానీ లావుగా ఉండి ఎక్కువ గుడ్లు పెడుతుంది. అంటే చేను లేతగా, తిండి దండిగా ఉంటే ఇక్కడే కాపురం పెడతాయన్నమాట. పురుగులు కిక్కిరిసిపోయి, మొక్క ముదిరి రసం తగ్గితే పొడుగు రెక్కలవి ఎక్కువగా పుడతాయి, ఎగిరిపోతాయి. 2015లో చైనా శాస్త్రవేత్తలు దీని గుట్టు విప్పారు. ఈ పురుగులో ఇన్సులిన్‌ని అందుకునే గ్రాహకాలు రెండు రకాలున్నాయట, ఒకటి రెక్కని పెంచుతుంటే రెండోది ఆపుతుందట. షుగర్ మందు వేసుకునే నాలాంటి దానికి, ఇన్సులిన్ పురుగు రెక్కల దాకా వెళ్తుందంటే నవ్వొచ్చింది.

ఎగిరితే ఎంత దూరం పోతాయో తెలుసా? 1967 జూలైలో జపాన్‌కి దక్షిణాన సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న వాతావరణ పరిశీలన నౌక మీద ఈ పురుగులు గుంపులుగా వచ్చి వాలాయి. జపాన్ చలికాలంలో ఇవి బతకలేవు, అయినా ప్రతి ఏడూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న ప్రశ్నకి అక్కడ జవాబు దొరికింది. గాలి మీద తేలుతూ చైనా వైపు నుంచి సముద్రం దాటి వస్తున్నాయి. జపాన్ వీటివల్ల పడ్డ బాధ ఇప్పటిది కాదు. 1732లో పశ్చిమ జపాన్‌లో వచ్చిన పెద్ద కరవుకి ఈ సుడిదోమల గుంపే ముఖ్య కారణం. అప్పటి రైతులు మడి నీళ్ళ మీద తిమింగలం నూనె పోసి, దుబ్బుల్ని కొట్టి పురుగుల్ని నూనెలో పడేసేవాళ్ళు. దుబ్బుని కొట్టి పురుగుని నీళ్ళలో పడెయ్యడం నాకు తెలిసిన పనే, నూనె సంగతి చదివినప్పుడు మాత్రం వాళ్ళ తెలివికి మెచ్చుకున్నాను.

మన దేశంలో దీని పేరు మోగిపోయింది 1973లో, కేరళలోని కుట్టనాడులో. మడులకి మడులు మాడిపోయాయి. చిత్రమేమిటంటే దీన్ని గట్టిగా తట్టుకునే వరి కూడా కేరళలోనే దొరికింది. పట్టాంబి వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పీటీబీ 33. ఆ రకం నాకు పాత స్నేహితురాలు. గాజు గదిలో మట్టి ట్రేలలో కొత్త రకాల నారు వరసలు వేసి, మధ్యలో పురుగుకి తేలిగ్గా లొంగిపోయే టీఎన్ 1 రకం ఒక వరస, ఒక వరస పీటీబీ 33 పెట్టి, మీద పిల్ల పురుగులు దులిపేవాళ్ళం. టీఎన్ 1 కొద్దిరోజుల్లో ఎండుగడ్డిలా వాలిపోయేది. అది చచ్చాకే మిగతావాటికి 0 నుంచి 9 వరకు మార్కులు వెయ్యాలి, 9 అంటే ఫెయిల్. చుట్టూ అన్నీ మాడిపోయినా పీటీబీ 33 వరస నిటారుగా నిలబడేది. ఆ పచ్చగీత చూసిన రోజు మా ల్యాబ్‌లో అందరి మొహాలూ వెలిగేవి.

తట్టుకునే రకం దొరికిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో ఐఆర్ 26 విడుదల చేసింది, సుడిదోమను తట్టుకునే జన్యువుతో. రెండు మూడేళ్ళలోనే దాన్ని కూడా తినగలిగే పురుగులు పుట్టుకొచ్చాయి. 1976లో వేరే జన్యువుతో ఐఆర్ 36 ఇచ్చారు. మన దగ్గరున్న పురుగు రకమే వేరు, అక్కడ పనిచేసిన ఆ జన్యువులు ఇక్కడ నిలబడలేదు. అందుకే ఇక్కడి రకాలు ఇక్కడి పురుగు మీదే పరీక్షకి నిలబడాలి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన విజేత, అంటే ఎంటీయూ 1001, అలా నిలబడ్డదే.

ఇప్పుడు అసలు కోపం ఎందుకొచ్చిందో చెప్తాను. మా అన్నయ్య చేను సంగతి ఇది. నేను ఉద్యోగంలో ఉండగానే జరిగింది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

నాట్లయిన నెల తర్వాత ఆకుముడత కనబడిందని, తెలిసినవాళ్ళెవరో చెప్పారని, పైరిత్రాయిడ్ అనే రకం పురుగుమందు ఒకటి కొట్టాడు. ఆ దశలో ఆ కాస్త ఆకుముడతని మొక్క తనే తట్టుకుంటుంది, కొత్త ఆకులు వేసుకుంటుంది. నాకు ఫోన్ చేసి ఉంటే ఆపేదాన్ని. ఆ మందుకి సాలీళ్ళు చచ్చాయి, గుడ్లు తాగే మిరిడ్ నల్లులు చచ్చాయి. వరిచేలో తిరిగే ఒక తోడేలు సాలీడు రోజుకి 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. కాపలావాళ్ళు పోయాక ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? పైగా డెల్టామెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ మందుల చిన్న మోతాదు తగిలిన సుడిదోమ మామూలుకన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది. మందు కొట్టి పురుగుని పెంచినట్టవుతుంది.

చిరుపొట్ట దశలో అన్నయ్య ఫోన్ చేశాడు. "చెల్లీ, పేపర్లో దోమ బొమ్మ వేశారు, అలాంటివి మన చేలో లేవు, మనకి భయం లేదులే" అన్నాడు. ఆకుల మీద వెతికాడు, ఆకుపచ్చ పురుగు కోసం. దొరకలేదు. "అన్నయ్యా, మొదట్లో చూశావా?" అంటే "మొదట్లో ఏముంటుంది, నీళ్ళుంటాయి" అన్నాడు. మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. మొదటి దుబ్బు వంచి కొడితే నీళ్ళ మీద ఊక పోసినట్టు పడ్డాయి. లెక్కపెట్టడం కూడా మానేశాను. పొట్టిరెక్కల ఆడవి, అన్ని దశల పిల్లలు, కాండం మీద జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి. చేను మధ్యలో బండి చక్రమంత గుండ్రటి పసుపు మచ్చలు రెండు. అవి అప్పుడే మొదలయ్యాయి, వారంలో గదులంత అయ్యాయి, తర్వాత ఒకదాన్నొకటి కలిసిపోయాయి. సుడులు సుడులుగా ఎండిపోతుంది కాబట్టే దానికి సుడిదోమ అని పేరొచ్చింది.

ఆ పాత బొమ్మ మీ పేపర్‌లోదే అని నేను అనడం లేదు. ఏ పేపరో అన్నయ్యకి గుర్తులేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు కూడా. కానీ పోయిన వారం మీ పేజీ తెరవగానే అదే ఆకుపచ్చ పురుగు కనబడింది. అందుకని ఈ ఉత్తరం.

మందు విషయంలో కూడా ఒక మాట. పిచికారీ చేసుకోండి అని ఊరుకుంటే రైతు పైనుంచి ఆకులు తడిపి వచ్చేస్తాడు. మందు కింద పురుగుకి తగలదు. దుబ్బుల మధ్య పాయలు తీసి మొదళ్ళు తడిసేలా కొట్టాలి. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకీ జానెడు కాలిబాట వదిలితే ఆ పని తేలికవుతుంది, గాలీ వెలుతురూ మొదళ్ళకి తగిలి పురుగుకీ ఇబ్బందిగా ఉంటుంది. బాటలకి చోటు పోతుందని అన్నయ్య కూడా గొణిగేవాడు. దుబ్బుకి 20, 25 పురుగులు దాటకుండా మందు జోలికి వెళ్ళనక్కర్లేదు. పంట ఇంకా పిలక దశలో ఉంటే 10, 15కే జాగ్రత్త పడాలి. యూరియా తగ్గించడం, నీళ్ళు తీసి మడి ఆరగట్టడం డబ్బు ఖర్చు లేని పనులు, అందుకేనేమో ఎవరూ వాటిని హెడ్డింగ్‌లో పెట్టరు.

ఏ మందు ఎలా పనిచేస్తుందో కూడా రాయాలి. బుప్రోఫెజిన్ పిల్ల పురుగు కుబుసం విడవకుండా చేస్తుంది, రెక్కలొచ్చిన దాన్ని అది చంపదు. పైమెట్రోజిన్ పురుగు నోరు కట్టేస్తుంది. రసం పీల్చడం ఆపేసి, ఆకలితో మెల్లగా చస్తుంది. మర్నాడు చూస్తే పురుగులు అలాగే కూర్చుని ఉంటాయి. మందు పనిచెయ్యలేదని రైతు కంగారుపడి ఇంకో మందు కలిపి కొడతాడు. ఇమిడాక్లోప్రిడ్ అనే మందునే ఏళ్ళ తరబడి వాడి వాడి చాలా దేశాల్లో దానికి లొంగని పురుగుల్ని తయారుచేసుకున్నాం.

ప్రభుత్వాలు చేయలేవా అంటే చేసిన ప్రభుత్వం ఉంది. సుడిదోమ ఇండోనేషియాని కుదిపేస్తుంటే, 1986 నవంబరులో ఆ దేశాధ్యక్షుడి ఉత్తర్వుతో వరి మీద 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించారు. పురుగుమందుల మీద సబ్సిడీ కూడా తర్వాత రెండు మూడేళ్ళలో ఎత్తేశారు. రైతుల్ని మడిలోకి దింపి పురుగుల్ని లెక్కపెట్టించే పొలంబడులు అక్కడ మొదలయ్యాయి. మన పొలంబడికి మూలం అదే. లెక్కపెట్టడం నేర్పడమే దాని మొత్తం సారం, నేను 31 ఏళ్ళు చేసిన పనే.

మిమ్మల్ని అడిగేది పెద్ద కోరిక కాదు. ఈ సీజన్‌లో మళ్ళీ ఆ వార్త వేసేటప్పుడు ఆకు మీది పచ్చపురుగు బొమ్మ తీసేయండి. దాని వార్త వేరే ఉంది, అది వరికి టుంగ్రో తెగులు తెచ్చే వైరస్‌ని మోస్తుంది, అప్పుడు వాడుకోండి. సుడిదోమకి సుడిదోమ ఫోటోనే వేసి, "మొదట్లో చూడండి" అని కింద ఒక్క లైను రాయండి.

సరైన ఫోటో దొరకడం కష్టమని మీవాళ్ళు అంటారేమోనని, మా మనవడు నిన్న ఫోన్‌లో తీసింది జతచేస్తున్నాను. కొంచెం అదిరింది. నేను దుబ్బు పాయ తీయగానే సగం పురుగులు కాండం వెనక్కి జరిగిపోయాయి, వాడేమో "నానమ్మా, కదలకు" అని నా మీద అరిచాడు. అయినా ఆరు స్పష్టంగా కనబడతాయి. ఎడమవైపు లావుగా, రెక్కలు పొట్ట సగం వరకే ఉన్నది ఆడది. దాని పక్కనున్న తెల్లటి చిన్నవి పిల్లలు. కుడివైపు పైన ఎనిమిది కాళ్ళది సాలీడు, దాన్ని కత్తిరించకుండా వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత ఫీల్డ్ అసిస్టెంట్